అప్పు కాగితం మీద పేరు

2023లో బతుకమ్మ పండక్కి దోమకొండ వెళ్లాను. సద్దులకి ఇంకా మూడు రోజులుంది. పొద్దున్నే మా వదినె ఒక కాగితం మడిచి కొంగులో పెట్టుకుని ఇంటికొచ్చింది. సొంత వదినె కాదు, వాడకట్టులో వరస. నా చిన్నప్పుడు మా అమ్మా ఆమే ఒకే అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేవాళ్లు.

"నువ్వు డాక్టరువైనవట గద. గీ కాయితంల ఏం రాసిండ్రో సూడు పిల్లా" అంది.

నా డాక్టరేటు తెలుగు కథ మీద. ఆ సంగతి వదినెకీ తెలుసు. కానీ కాగితం వచ్చిన ఇంటికి చదువుకున్న మనిషి కావాలి. ఏం చదువు అన్నది తర్వాత.

రెండుసార్లు చదివినా నాకు సగమే అర్థమైంది. వాది, ప్రతివాది, దావా, ప్రామిసరీ నోటు, వాయిదా. అర్థమైనంతలో సంగతి ఇది. వడ్డీకి అప్పులిచ్చే ఒకాయన రెండు లక్షల నలభై వేలు, దాని మీద వడ్డీ, కోర్టు ఖర్చులు ఇప్పించమని కామారెడ్డి కోర్టులో దావా వేశాడు. ప్రతివాది వదినె. ఆమె ఒక్కతే.

"ఆయన పేరు మీద గద రావాలె? నా పేరెందుకున్నది?" అనడిగింది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆమె ప్రశ్న వెంట పోయి నేను తెలుసుకున్నదే ఈ నాలుగు మాటలు.

*

అన్న 2019లో దుబాయి పోయాడు. మా దిక్కు దుబాయి అంటే ఒక ఊరు కాదు. మస్కట్, కువైట్, సౌదీ, ఖతర్ అన్నీ దుబాయే. అన్న మాత్రం నిజంగానే దుబాయికి పోయాడు. ఏజెంటుకి తొంభై వేలు, పాత అప్పు కొంత, ఇంట్లో ఖర్చులకి కొంత, మొత్తం లక్షన్నర. నూటికి నెలకి మూడు రూపాయల మిత్తి. నోటు అన్న పేరు మీద.

పదో తరగతి పాసవని వాళ్లు గల్ఫ్‌కి పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి. ఆ దారిన పోతే పని ఒప్పందం నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా పనికిరాకుండా పోయినా పది లక్షలు వస్తాయి. లైసెన్సున్న ఏజెన్సీ అయినా సర్వీసు చార్జీ కింద ముప్పై వేలకి మించి, పన్ను పోను, తీసుకోకూడదని అప్పటికే నిబంధన ఉంది. అన్నని పంపిన ఏజెంటుకి లైసెన్సే లేదు. విజిట్ వీసా మీద ఎక్కించాడు. అక్కడికి పోయాక కంపెనీ వీసా అవుతుందన్నాడు. విజిట్ వీసా మీద పోయినవాడు సర్కారు లెక్కలో పనికి పోయినట్టు కాదు, చుట్టపుచూపుగా పోయినట్టు. కాబట్టి అనుమతీ లేదు, బీమా లేదు, రేపు ఏదన్నా అయితే చూపించుకోడానికి ఒప్పందం లేదు. ఇదంతా నాకు కూడా తర్వాతే తెలిసింది.

కంపెనీ వీసా అయింది గానీ ఏడాది కూడా నిలవలేదు. 2020లో కరోనా వచ్చింది. పని ఆగింది, జీతం ఆగింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. అన్న క్యాంపులోంచి బయటికొచ్చి దొరికిన పని చేసుకోవడం మొదలుపెట్టాడు. మా ఊళ్లో దాన్ని 'కల్లివెల్లి అయిండు' అంటారు. గల్ఫ్‌లో ఈసడింపుగా 'పోనీ, వదిలెయ్' అనే అరబ్బీ మాట అట అది. మా దగ్గరికి వచ్చేసరికి కాగితాల్లేని మనిషికి పేరైంది.

ప్రామిసరీ నోటు మూడేళ్లు దాటితే చెల్లదు. అందుకని గడువు దగ్గర పడగానే పాతది చింపి కొత్తది రాయించుకుంటారు. కాయితం మార్చుడు అంటారు. 2022 జనవరిలో అట్లా మార్చారు. ఆగిపోయిన మిత్తి అసలులో కలిసి లక్షన్నర కాస్తా రెండు లక్షల నలభై వేలైంది. సంతకం పెట్టవలసిన మనిషి దుబాయిలో ఉన్నాడు. "ఆయన లేకుంటేంది, నువ్వు పెట్టు" అన్నారు. మరిది పక్కనే ఉన్నాడు. పెట్టింది.

ఏజెంటుకి డబ్బు కట్టేటప్పుడు ఆమెనెవరూ అడగలేదు. విజిట్ వీసా అంటే ఏంటో చెప్పలేదు. ఇల్లు మామ పేరు మీద ఉంది. పంపిన డబ్బు మరిది ఖాతాలో పడేది. ఇంత సంసారంలో ఎక్కడా అక్కరకి రాని ఆమె సంతకం అప్పు దగ్గర మాత్రం అక్కరకొచ్చింది. చట్టం ఆమెని మొట్టమొదట పేరు పెట్టి పిలిచింది అప్పుదారుగా. "నా పేరెందుకున్నది" అన్న ప్రశ్నకి జవాబు ఇది.

సమన్లు వచ్చి అప్పటికే ఇరవై రోజులైంది. మరిది తీసుకుని బీరువా మీద పడేసి "అన్న రానీ, సూసుకుందాం" అన్నాడట. ఇల్లు దులుపుతుంటే వదినెకి దొరికింది. సమన్లు అందిన ముప్పై రోజుల్లో జవాబు వేయాలి. దాటితే కారణం చూపించి గడువు అడగొచ్చు, అదైనా తొంభై రోజుల దాకానే. వాయిదాకి ఎవరూ పోకపోతే కోర్టు అవతలివాళ్లు చెప్పిందే విని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇస్తుంది. అన్న వచ్చేదాకా అప్పు ఆగొచ్చునేమో గానీ కోర్టు వాయిదా ఆగదు.

*

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం తెలంగాణ వలస కథల్లో స్త్రీల మీద. దానికి నేను పెట్టిన పేరు 'ఎదురుచూపు'. గల్ఫ్‌కి పోయిన మగవాడు, ఇంటి దగ్గర అతని ఉత్తరం కోసం, ఫోను కోసం, శవపేటిక కోసం ఎదురు చూసే ఆడది. కథల్లో అట్లాగే ఉంది, నేనూ అట్లాగే రాశాను. గైడుగారు మెచ్చుకున్నారు. వైవాలో కూడా ఆ అధ్యాయం గురించే ఎక్కువ మాట్లాడారు.

ఆ అధ్యాయం రాసేటప్పుడు మా అరుగు మీది ఆడవాళ్లు నాకెందుకు గుర్తు రాలేదో తెలియదు. మా అమ్మ బీడీలు చేసే నన్ను చదివించింది. తునికాకు నానబెట్టి, రేకు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, మూతి ముడిచి దారం కట్టే చేతులకి ఎదురు చూసే తీరిక ఎక్కడిది? కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగాలేవని కార్ఖానాలో పక్కన పడేసిన వాటికి కూలి లేదు. నెలలో ఎన్ని రోజులు ఆకు ఇస్తారన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. వదినె ఆ డబ్బుతోనే మిత్తి కట్టింది, చిట్టీ కట్టింది, బిడ్డ ఇంటర్ ఫీజు కట్టింది, అత్తకి మందులు తెచ్చింది. దుబాయి డబ్బుతో ఇల్లు గడుస్తోందని ఊరు అనుకుంది. మూడేళ్లుగా దుబాయిని కూడా ఆమె బీడీలే మోస్తున్నాయి.

ఇంటి దగ్గర కూర్చుని బీడీలు చేసే స్త్రీలు కూడా కార్మికులేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టమే గుర్తించింది. సాహిత్యంలో నేను గుర్తించలేదు. నా అధ్యాయంలో ఆమె కార్మికుడి భార్య. అంతే.

*

తెలిసినవాళ్ల ద్వారా ఇద్దరు వకీళ్లకి ఫోన్ చేశాను. ఒకాయన పదిహేను వేలు ఫీజు అన్నాడు, ముందు సగం. ఇంకొకాయన "మొగాయన వచ్చినంక రమ్మనండి" అన్నాడు. ప్రతివాది మొగాయన కాదని రెండుసార్లు చెప్పాను. "అదే, ఆయన్నే రమ్మనండి" అన్నాడు మళ్లీ.

ఉచిత న్యాయ సహాయం అన్న మాట నేను వినకపోలేదు. జైల్లో ఉన్నవాళ్లకి, దిక్కులేనివాళ్లకి అనుకునేదాన్ని. ఆ రాత్రి కూర్చుని చట్టం చదివాను. న్యాయ సేవాధికార సంస్థల చట్టం. 1987లో చేశారు, 1995 నవంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. దాని వెనక 1976లో రాజ్యాంగంలో చేర్చిన 39ఎ అధికరణం ఉంది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం దక్కకుండా పోకూడదన్నది దాని సారం. ఇంకో సంగతి కూడా తెలిసింది. బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గిన ఖైదీల కేసులో సుప్రీంకోర్టు 1979లో, పేదవాడికి వకీలుని ఇవ్వకుండా జరిపే విచారణ న్యాయమైన విచారణ కాదంది. ఆ తీర్పుకి ఉన్న పేరు హుసేనారా ఖాతూన్, జైల్లో ఉన్న ఒక స్త్రీ. ఆ కేసు కోర్టుకి తెచ్చిన వకీలు కపిలా హింగోరాణీ, ఆమె కూడా స్త్రీయే. నలభై ఏళ్ల కిందట ఇద్దరు ఆడవాళ్లు తెరిచిన తలుపు అది. తలుపు ఉందని మా వాడకి చెప్పినవాళ్లు లేరు.

చట్టంలో 12వ సెక్షన్ ఈ సహాయం ఎవరికి దక్కుతుందో చెబుతుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లు. స్త్రీలు, పిల్లలు. వికలాంగులు. వరదకో కరువుకో కుల దాడికో గురైనవాళ్లు. పారిశ్రామిక కార్మికులు. కస్టడీలో ఉన్నవాళ్లు. వీళ్లెవరికీ ఆదాయంతో పని లేదు. వీళ్లు కాక, నిర్ణయించిన ఆదాయం కన్నా తక్కువున్న ఎవరైనా. అంటే ఈ దేశంలో కేసు వేయవలసి వచ్చిన, కేసు ఎదుర్కోవలసి వచ్చిన ప్రతి స్త్రీకీ వకీలు ఉచితం. చదివిన నేను ముప్పై అయిదేళ్లదాన్ని. స్త్రీవాదం మీద వ్యాసాలు రాసినదాన్ని. నాకు ఈ వాక్యం తెలియదు.

ఆ జాబితాలోనే ఇంకో మాట దగ్గర ఆగిపోయాను. మనుషుల అక్రమ రవాణాకో 'బేగార్'కో గురైనవాళ్లు అని ఉంది. బేగార్ అంటే వెట్టి. దోమకొండ సంస్థానపు ఊరు. మా కోటకి చేసిన పునరుద్ధరణకి 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. చూడ్డానికి దూరాల నుంచి వస్తారు. తెలంగాణలో గడి అన్నమాట వినగానే మా అమ్మమ్మ తరానికి గుర్తొచ్చేది రాతిపని కాదు, వెట్టి. అది పాత కథ అనుకుంటాం. పాస్‌పోర్టు లాక్కుని, జీతం ఇవ్వకుండా పని చేయించుకోవడాన్ని ఏమనాలి? 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా అది రాజ్యాంగం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని చెప్పింది. ఆ తీర్పు దుబాయిలో చెల్లదు. కానీ పేరు పెట్టడానికి పనికొస్తుంది. కల్లివెల్లి అని మనం వాడిన మాటలో తప్పు పారిపోయినవాడిది అవుతుంది. వెట్టి అంటే తప్పు ఎవరిదో తెలుస్తుంది.

*

దసరా సెలవులు ముగిసిన మర్నాడు ఇద్దరం బస్సెక్కి కామారెడ్డి పోయాం. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకి జిల్లా కోర్టులు వచ్చేదాకా మాకు జిల్లా కోర్టంటే నిజామాబాదే. ఇప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కామారెడ్డి కోర్టు ఆవరణలోనే ఉంది. వదినె చెప్పులు గుమ్మం బయట విడిచింది. నేను వద్దన్నాను. "ఏమో, గుడి లెక్క ఉన్నది" అంది.

దరఖాస్తులో తండ్రి లేక భర్త పేరు అడిగారు. ఆ గడి నింపేటప్పుడు నాకు కొంచెం చివుక్కుమంది. తర్వాతి గడి, ఏ అర్హత కింద సహాయం కోరుతున్నారు? నేను ఆదాయం సర్టిఫికెట్ కూడా పట్టుకుపోయాను, ఎందుకైనా మంచిదని. అక్కడ కూర్చున్న అమ్మాయి దాన్ని పక్కకి పెట్టి "ఇదక్కర్లేదమ్మా, మీరు ఆడవాళ్లు కదా" అంది.

వదినె నా మొహం చూసింది. "ఆడిదాన్నని ఇస్తున్నరా?" అంది. తర్వాత నవ్వింది. "ఆడిదాన్నని ఇయ్యనోళ్లను సూసిన గని, ఆడిదాన్నని ఇచ్చుడు ఇదే మొదలు."

వకీలుగా ఒక యువతిని ఇచ్చారు. నేను ముందే వదినె కథంతా నాలుగు పేజీలు రాసి పట్టుకుపోయాను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగినదాన్ని. ఆడవాళ్ల మాటని ఆడవాళ్ల మాటగానే రాయాలని ఆ పుస్తకం నేర్పింది. అందుకని వదినె చెప్పింది చెప్పినట్టు, ఆమె యాసలోనే, ఎక్కడా దిద్దకుండా రాశాను. వకీలు మర్యాదగానే చదివింది. చదివి పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టింది. మొదట తీసుకున్నది ఎంత? ఏ తేదీన? కొత్త నోటు మీద సంతకం పెట్టినప్పుడు అంకెలు రాసి ఉన్నాయా, ఖాళీగా ఉందా? ఇప్పటిదాకా ఎంత కట్టారు? రసీదు ఉందా? అప్పులిచ్చేది అతని వ్యాపారమేనా? లైసెన్సు ఉందా? మా తెలంగాణ ప్రాంతంలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలన్న చట్టం నిజాం కాలం నుంచీ, 1349 ఫసలీ నుంచీ ఉందట.

నా నాలుగు పేజీల్లో ఒక్కదానికి కూడా జవాబు లేదు. ఆమె దుఃఖం ఉంది, లెక్క లేదు. లెక్క అడగాలని నాకు తోచలేదు. దుఃఖం రాస్తే చాలనుకున్నాను.

వదినె దగ్గర లెక్క ఉంది. మర్నాడు తన బీడీల పుస్తకం తెచ్చింది. ఏ రోజు ఎంత ఆకు ఇచ్చారో, ఎన్ని బీడీలు అప్పజెప్పిందో కార్ఖానాలో రాసిచ్చే పుస్తకం. దాని అంచుల మీద పెన్సిల్ గీతలున్నాయి. వెయ్యి రూపాయలకి ఒక నిలువు గీత, అయిదు వందలకి సగం గీత. మిత్తి కట్టిన రోజు, ఆ తేదీ పక్కన. "రాయొస్తే నీ లెక్క రాద్దును, రాక గీతలు గీసుకున్న" అంది. వకీలూ నేనూ కూర్చుని లెక్కపెట్టాం. వదినె చేతి నుంచి పోయినవే తొంభై ఆరు వేలు. అన్న పంపగా మరిది కట్టినవి వేరు.

నా పరిశోధనకి నేను పురావస్తుశాల గ్రంథాలయం దాకా తిరిగాను. ఆ పెన్సిల్ గీతల పుస్తకం మా ఇంటికి నాలుగిళ్ల అవతల దూలానికి వేలాడే సంచిలో ఉంది.

*

జవాబు గడువులోపలే దాఖలైంది. వాయిదాలు పడ్డాయి. వకీలు ఉచితమే గానీ వాయిదా ఉచితం కాదు. వాయిదాకి పోయిన రోజు బీడీలు ఉండవు, కూలి ఉండదు. డిసెంబరులో ఆడవాళ్లకి బస్సు చార్జీ తీసేశాక ఆ ఖర్చొకటి తగ్గింది. ఒక వాయిదాకి నేను హైదరాబాదు నుంచి రాలేకపోయాను. ఒక్కతే పోయివచ్చి ఫోన్ చేసింది. "పేరు పిలిచిండ్రు. ఉన్ననన్న."

2024లో కేసు లోక్ అదాలత్‌కి వచ్చింది. రాజీ అన్న మాట వినగానే నాకు లోపల గుచ్చుకుంది. ఆడవాళ్ల బతుకంతా రాజీలే. సర్దుకుపొమ్మని అమ్మగారింట్లో, అత్తగారింట్లో, పంచాయితీలో చెబుతూనే ఉంటారు. ఇప్పుడు కోర్టు కూడానా అనిపించింది. పైగా లోక్ అదాలత్‌లో ఇచ్చిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా తొందరపడొద్దని వదినెకి చెబుతూనే ఉన్నాను. లైసెన్సు సంగతి పట్టుకుని పోరాడితే అసలు కట్టనక్కరలేకుండానే పోవచ్చు అన్నాను.

వదినె విన్నది. విని, "నువ్వు హైదరాబాద్ పోతవు. నేను ఆయన ఇంటి ముందట్నించే బీడీలకు పోవాలె" అంది. అవతలివాళ్లు రెండు లక్షల దగ్గర మొదలుపెట్టారు. ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి ఎనభై అంది. చివరికి లక్ష, నెలకి నాలుగు వేల చొప్పున ఇరవై అయిదు నెలలు, మిత్తి లేకుండా. అంకె ఆమె చెప్పింది. వకీలు పక్కన ఉంది. మరిది లేడు. అన్ని రాజీలూ ఒకటి కావని అప్పుడు తెలిసింది. తన లెక్క తన చేతిలో ఉండి చేసుకునే రాజీ వేరు. నోటు మార్చిన రోజు కూడా ఆమె ఒప్పుకున్నట్టే కాగితం చెబుతుంది. ఆ సంతకానికీ ఈ సంతకానికీ మధ్య ఉన్న తేడా పక్కన కూర్చున్న ఆ వకీలే.

అన్న సంగతి ఇంత దూరం రాలేదు. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన మదద్ పోర్టల్లో ఫిర్యాదు చేశాను. చిక్కుకున్నవాళ్ల కోసం రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉందనీ, న్యాయ సహాయానికి కూడా అందులోంచి ఇవ్వొచ్చనీ చదివి అన్నకి చెప్పాను. ఆఫీసుకి పోతే పట్టుకుంటారని అతని భయం. చివరికి 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ తీసుకుని వచ్చాడు. రావాల్సిన జీతం అక్కడే పోయింది. ఏజెంటు మీద కేసు పెడదామంటే వద్దన్నాడు, దూరపు చుట్టమట. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి అయిదు లక్షల సాయం ప్రకటించింది. రావలసిందే. బతికి ఉత్త చేతులతో వచ్చినవాడికి మాత్రం ఏ గడీ లేదు.

వచ్చిన నాలుగో రోజు అన్న అడిగాడట, "ఆడిదానివి, ఎవల్ని అడిగి కోర్టుకు పోయినవు" అని. వదినె "నా పేరు రాసిండ్రు, నేను పోయిన" అందట. తర్వాత రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఇంటికొచ్చిన మనిషి అలసటా నాకు అర్థమవుతుంది. పద్దెనిమిది గంటలు పనిచేసి జీతం అడగలేక తలుపు వేసుకుని బతికిన మనిషి అతను. కానీ అతని అవమానాన్ని కూడా ఆమే మోయాలన్నది నేను ఒప్పుకోలేను. ఇప్పుడు కూడా వాయిదా డబ్బు ఆమె చేతి మీదే కడుతుంది. రసీదు తీసుకుంటుంది. ఆ సంగతిలో మాత్రం అన్న మాట సాగలేదు.

*

12వ సెక్షన్‌ని ఆ తర్వాత చాలాసార్లు చదివాను. 'ప్రతి పౌరుడు' అని లేదు అందులో. 'ప్రతి వ్యక్తి' అని ఉంది. ఆ ఒక్క మాట మీద చాలామంది నిలబడొచ్చు.

2020 ఏప్రిల్, మే నెలల్లో 44వ నంబరు జాతీయ రహదారి మీద భిక్కనూరు, కామారెడ్డి మీదుగా ఉత్తరానికి నడిచిపోయిన మనుషులు నాకింకా కళ్ల ముందున్నారు. నెత్తిన మూట, చంకన పిల్ల. మా వాళ్లు దుబాయిలో క్యాంపుల్లో చిక్కుకున్న నెలలే అవి. మా రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు. అడ్వాన్సు అనే అప్పుకి కట్టుబడి, తెలియని భాషలో పని చేస్తారు. మన అన్నకి దుబాయిలో ఎవరైనా వకీలుని ఇస్తే బాగుండునని ఏడ్చే మనం, మన మిల్లు దగ్గరి మనిషికి ఈ కామారెడ్డిలోనే ఉచితంగా వకీలు ఉన్నాడని చెప్పం. వాళ్లు మనకి వలసవాళ్లు. మనం దుబాయివాడికి వలసవాళ్లం.

సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయి పోయిన అయిదుగురు, 2005లో ఒక వాచ్‌మన్ హత్య కేసులో శిక్ష పడి, పద్దెనిమిదేళ్లు జైల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు 2024 ఫిబ్రవరిలో శంషాబాద్‌లో దిగినప్పుడు పిల్లలు తండ్రుల్ని గుర్తుపట్టలేదని పత్రికలన్నీ రాశాయి. చనిపోయిన వాచ్‌మన్ నేపాలీ. ఆయన కుటుంబం కూడా పంపిన డబ్బు మీద బతికిందే. జైల్లో ఉన్నవాళ్ల భార్యలు, నేపాల్‌లో ఆ మనిషి భార్య. వాళ్లందర్నీ నేను నా అధ్యాయంలో 'ఎదురుచూపు' కింద రాసేదాన్ని. ఇప్పుడైతే ముందు అడుగుతాను. ఆ పద్దెనిమిదేళ్లు ఇల్లెట్లా నడిపారు? ఏ కాగితాల మీద సంతకాలు పెట్టారు? ఎవరు చదివి చెప్పారు?

ఈ వ్యాసం రాస్తున్నానని వదినెకి చెప్పాను. పేరు పెట్టమంటావా అనడిగాను. ఆమె పేరుతో రాస్తే అది ఆమె గౌరవం అని నా ఆలోచన. చాట పక్కన పెట్టి ఆలోచించింది.

"నా పేరొద్దు. బిడ్డ పెండ్లికున్నది" అంది. "తతిమదంత రాయి. ఆఫీసు ఏడున్నదో రాయి. పైసల్ తీస్కోరని రాయి. అది మర్సిపోకు."

మర్చిపోలేదు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ చేయడానికి 15100, దానికి డబ్బు పడదు. ఆడవాళ్లయితే ఆదాయం కాగితం అడగరు. చదువు రాకపోతే నోటితో చెప్పినా రాసుకుంటారు. సమన్లు వస్తే బీరువా మీద పెట్టనివ్వకండి. కట్టిన ప్రతి రూపాయికీ ఒక గీత గీసుకోండి.